గామా ఆకాశాన్ని ఏళ్ళ తరబడి కాచుకుని చూసే సర్వే గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

బ్లాక్ హోల్స్ మీద మీ సైన్స్ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. బాగా రాశారు, 2019లో బయటికొచ్చిన ఎం87 బ్లాక్ హోల్ ఫోటో కథంతా ఓపిగ్గా చెప్పారు. కానీ గామా కిరణాల టెలిస్కోపుల విషయానికొచ్చేసరికి చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు, అది కూడా అవేవో కెమెరాల్లాగా ఫోటోలు తీస్తాయన్నట్టు. అక్కడ నాకు మనసొప్పలేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, చోటు చాలకపోతే ఎక్కడైనా కోసుకోండి, కానీ సర్వే గురించి, అంటే ఆకాశమంతా ఆపకుండా చూస్తూ రికార్డు చేయడం గురించి చెప్పిన భాగం మాత్రం ఉంచండి, ఎందుకంటే నేను చెప్పాలనుకుంటున్నది అదే.

అసలు గామా ఫోటాన్ అంటే, గామా కిరణాల్లో ఒక్కో వెలుగు కణం అంటే, ఏంటో ముందు చూడాలి. మన కంటికి కనపడే వెలుగులో ఒక్కో ఫోటాన్‌కి రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టుల ఎనర్జీ ఉంటుంది, నాసా పైకి పంపిన ఫెర్మీ అనే గామా టెలిస్కోప్ రోజూ పట్టుకునే ఒక గిగా (అంటే వంద కోట్ల) ఎలక్ట్రాన్ వోల్ట్ ఫోటాన్‌కి దానికన్నా దాదాపు 40 కోట్ల రెట్లు ఎక్కువ. అంత ఎనర్జీ ఉన్నదాన్ని అద్దంతో తిప్పలేం, లెన్సుతో ఒకచోటికి కూర్చలేం, పైగా మన వాతావరణం దాన్ని కిందకి రానివ్వదు, కాబట్టి పైకి పోయి పట్టుకోవాల్సిందే. ఫెర్మీలో పెద్ద పరికరం, లాట్ అంటారు దాన్ని, అందులో పల్చటి టంగ్‌స్టన్ రేకులు పొరలు పొరలుగా ఉంటాయి, గామా ఫోటాన్ వచ్చి ఆ రేకులో ఎక్కడో ఒకచోట ఎలక్ట్రాన్, పాజిట్రాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ పాజిటివ్ చార్జ్ ఉన్న కణం) జంటగా మారిపోతుంది, ఆ జంట కిందకి పోతూ పోతూ సిలికాన్ పట్టీల్లో గీత వదులుతుంది, అడుగున సీజియం అయొడైడ్ స్ఫటికాల్లో తన ఎనర్జీ అంతా దిగబోస్తుంది. ఆ గీతని వెనక్కి పొడిగించి ఫోటాన్ ఏ దిక్కు నుంచి వచ్చిందో, ఆ స్ఫటికాల్లో మెరుపుని కొలిచి ఎంత ఎనర్జీతో వచ్చిందో లెక్క కడతారు. ఇంకో గొడవేంటంటే అసలు గామా ఫోటాన్ ఒకటి వచ్చేలోపు కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి వచ్చే చార్జ్ ఉన్న కణాలు, వేలకొద్దీ వచ్చి గుద్దుకుంటుంటాయి, వాటిని గుర్తుపట్టి పక్కకి నెట్టడానికి పైన చుట్టూరా 89 ప్లాస్టిక్ పలకలు అమర్చారు.

అంటే ఇక్కడ జరిగేది ఫోటో తీయడం కాదండీ, ఒక్కో ఫోటాన్‌ని పట్టుకుని దాని దిక్కు, టైము, ఎనర్జీ పుస్తకంలో రాసుకోవడం. అది కూడా దిక్కు సరిగ్గా తెలీదు, ఎనర్జీ తక్కువున్న ఫోటాన్లకైతే వచ్చిన చోటు చందమామ వెడల్పుకి చాలా రెట్లున్న మసక మరకలాగా ఉంటుంది, ఎనర్జీ పెరిగేకొద్దీ ఆ మరక చిన్నదవుతుంది. పట్టుకునే వైశాల్యం కూడా చూస్తే ఒక చదరపు మీటరు కన్నా కొంచెం తక్కువే. మసకగా ఉన్న గెలాక్సీల విషయంలో ఏళ్ళ తరబడి వచ్చిన ఫోటాన్లన్నీ కలిపినా పదుల్లోనో వందల్లోనో ఉంటాయి. ఒక గెలాక్సీ ఉందని చెప్పడానికి ఇన్నేళ్ళు ఆగి లెక్కపెట్టాలి అన్న సంగతి మీ వ్యాసంలో ఎక్కడా కనపడలేదు, నాకైతే ఈ మొత్తం కథలో అందమంతా అక్కడే ఉంది.

ఇలా పట్టుబడే గెలాక్సీల్ని యాక్టివ్ గెలాక్సీలంటారు, ఇంతకీ అవి ఏంటి? ప్రతి పెద్ద గెలాక్సీ మధ్యలో లక్షల నుంచి వందల కోట్ల సూర్యుళ్ళంత బరువున్న బ్లాక్ హోల్ ఉంటుందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు, చాలావాటిలో అది ఊరికే పడుంటుంది, మన పాలపుంతలో ఉన్నది కూడా అలాంటిదే. కొన్నిట్లో మాత్రం చుట్టూ ఉన్న గ్యాస్ దాంట్లోకి పడుతూ వేడెక్కి మొత్తం గెలాక్సీ నక్షత్రాలన్నిటికన్నా ఎక్కువ వెలుగునిస్తుంది. వాటిలో కూడా కొన్ని బ్లాక్ హోల్‌కి అటూ ఇటూ రెండు జెట్‌లు చిమ్ముతాయి, వాటిలో పదార్థం దాదాపు కాంతి వేగంతో పోతుంటుంది. ఆ జెట్ సూటిగా మనవైపు తిరిగి ఉంటే దాన్ని బ్లేజార్ అంటారు. అంత వేగంతో మనవైపే వస్తున్నదాని వెలుగు మనకి చాలా రెట్లు పెరిగి కనపడుతుంది, దానిలో మార్పులు కూడా చాలా తొందర తొందరగా జరిగినట్టు కనపడతాయి. మనవైపు తిరిగిన జెట్ ఒకటి కనపడిందంటే వేరే వైపులకి తిరిగిన అలాంటి జెట్‌లు ఇంకో వందో రెండు వందలో ఉంటాయని లెక్క. ఎం87 కూడా, మీరు ఫోటో వేశారు చూడండి, అలా పక్కకి తిరిగిన జెట్ ఉన్నదే, దాన్నుంచి వచ్చే గామా కిరణాల్ని ఫెర్మీ పట్టింది, అది కూడా మీ వ్యాసంలో రెండు లైన్లు పడుంటే బాగుండేది.

ఇప్పుడు సర్వే సంగతి. యూరప్ వాళ్ళ కాస్-బి శాటిలైట్ 1975లో ఎగిరి 1982 దాకా పనిచేసింది, పాలపుంత బయట అది చూసింది ఒకే ఒక్క క్వాసార్ని (క్వాసార్ అంటే బాగా గట్టిగా వెలిగే యాక్టివ్ గెలాక్సీ), 3సి 273 అని కన్యారాశి వైపు ఉంటుంది. తర్వాత 1991 ఏప్రిల్‌లో నాసా కాంప్టన్ అబ్జర్వేటరీని అట్లాంటిస్ షటిల్‌లో పంపింది, దాంట్లో ఈగ్రెట్ అనే పరికరం ఉంది. అదే ఏడాది జూన్‌లో ఈగ్రెట్‌ని 3సి 273 వైపు తిప్పారు, తెలిసిన సోర్సు కదా అని. తీరా చూస్తే దాని పక్కనే ఉన్న 3సి 279 అంతకన్నా గట్టిగా వెలిగిపోతోంది! కాస్-బి అదే ప్రాంతాన్ని చూసినప్పుడు అది కనపడనే లేదు. అంటే ఈ గెలాక్సీలు ఒక్కోసారి ఆరిపోయినట్టుంటాయి, ఒక్కోసారి చెలరేగిపోతాయి, మనం ఎప్పుడు చూశామన్నదాని మీద ఆధారపడి ఆకాశం మ్యాపే మారిపోతుంది. ఈ ఒక్క సంఘటన చాలు, సర్వే ఎందుకు ఆపకుండా చేయాలో అర్థం కావడానికి.

ఈగ్రెట్‌కున్న ఇబ్బంది కూడా అదే. అది ఒకసారికి ఆకాశంలో ఒక ముక్కనే చూసేది, మామూలుగా రెండేసి వారాలు ఒకే వైపు తిరిగి ఉండేది, ఊరంతటికీ ఒకడే కావలివాడు ఉండి రెండు వారాలు ఒకే వీధిలో నిలబడిపోయినట్టు. పైగా అందులో గీతలు చూపించే చాంబర్‌కి గ్యాస్ కావాలి, అది పాతబడిపోతే మార్చాలి, నిల్వ తరిగిపోతుంటే పరికరాన్ని పొదుపుగా వాడాల్సొచ్చింది. 1999లో వచ్చిన ఈగ్రెట్ మూడో క్యాటలాగ్‌లో మొత్తం 271 సోర్సులున్నాయి, అందులో 170 ఏమిటో ఎవరికీ తెలీలేదు. అబ్జర్వేటరీని 2000 జూన్‌లో సముద్రంలో పడేలా దించేశారు. దాని తర్వాత ఏడేళ్ళ దాకా ఆ ఎనర్జీల్లో యాక్టివ్ గెలాక్సీలని పైనుంచి కాచుకుని చూసే పరికరమే లేదు. ఈ ఏడేళ్ళ ఖాళీ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ ఖాళీని ముందు తీర్చింది ఇటలీ వాళ్ళ ఎజైల్ అనే చిన్న శాటిలైట్, 2007 ఏప్రిల్ 23న దాన్ని పైకి తీసుకెళ్ళింది మన శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్ఎల్‌వీ-సి8 రాకెట్. 352 కిలోల శాటిలైట్, 2024 జనవరి దాకా పనిచేసింది, దాదాపు 17 ఏళ్ళు. రాకెట్ ఎగిరిన రోజు మన పత్రికలన్నీ రాశాయి, కమర్షియల్ లాంచ్ అని, ఇస్రోకి గొప్ప అని. ఆ శాటిలైట్ తర్వాత 17 ఏళ్ళు ఏం చూసిందో మాత్రం తెలుగులో నాకు చదవడానికి దొరకలేదు, ఇది మిమ్మల్ని ఒక్కళ్ళనే అనడం కాదు, అందరిదీ అదే తీరు.

ఫెర్మీ 2008 జూన్ 11న ఎగిరింది. దాని గొప్పతనమంతా అది చూసే పద్ధతిలో ఉంది, ఒకేసారి ఆకాశంలో అయిదో వంతు దానికి కనపడుతుంది, భూమి చుట్టూ గంటన్నర పైచిలుకు ఒక్కో రౌండ్, ఒక రౌండ్ ఉత్తరం వైపు కొంచెం వంగి, తర్వాతి రౌండ్ దక్షిణం వైపు వంగి తిరిగేది, దాంతో మూడు గంటలకల్లా మొత్తం ఆకాశం ఒకసారి చూసేసేది. ఎవరూ ఎటు చూడాలని చెప్పక్కర్లేదు, ఎక్కడ ఏ బ్లేజార్ చెలరేగినా దాని ఫోటాన్లు రికార్డులో పడిపోతాయి. 2018 మార్చిలో ఒక సోలార్ ప్యానెల్ తిప్పే మోటార్ భాగం బిగుసుకుపోతే కూడా మిషన్ ఆపలేదు, వంగే పద్ధతి మార్చుకుని మళ్ళీ సర్వే మొదలుపెట్టారు, ఇప్పుడు ఆకాశమంతా సమానంగా చూడ్డానికి ఎక్కువ రోజులు పడుతుంది, అంతే. అయిదేళ్ళకని పంపిన శాటిలైట్ అది.

మొదటి 11 నెలల డేటాతోనే 1451 సోర్సుల క్యాటలాగ్ వచ్చింది. 8 ఏళ్ళ డేటాతో చేసిన నాలుగో క్యాటలాగ్‌లో 5064, 14 ఏళ్ళకి 7000 దాటాయి. వీటిలో సగానికి పైగా యాక్టివ్ గెలాక్సీలే, వాటికి విడిగా ఇంకో క్యాటలాగ్ ఉంది, అందులో 8 ఏళ్ళ లెక్క ప్రకారం పాలపుంత పట్టీకి దూరంగా ఉన్నవి 2863. ఈ 2863ని విడగొట్టి చూస్తే అసలు ఆసక్తి మొదలవుతుంది: బ్లేజార్లలో రెండు రకాలు, ఫ్లాట్ స్పెక్ట్రమ్ రేడియో క్వాసార్లు 655, బీఎల్ ల్యాక్ రకం 1067, బ్లేజారే అనిపిస్తున్నా ఏ రకమో తేలనివి 1077, మిగతా రకాలన్నీ కలిపి 64 మాత్రమే. తేలనివే అన్నిటికన్నా ఎక్కువున్నాయి చూశారా. ఎందుకంటే రకం తేల్చాలంటే పెద్ద ఆప్టికల్ టెలిస్కోప్‌తో ఒక్కోదాని స్పెక్ట్రమ్ తీయాలి, అంటే వెలుగుని రంగులుగా విడగొట్టి అందులో గీతలు చూడాలి, టెలిస్కోప్ టైమ్ దొరకడం కష్టం. బీఎల్ ల్యాక్‌లతో ఇంకా కష్టం, జెట్ వెలుగులో గెలాక్సీ గీతలు మునిగిపోతాయి, గీతలు లేకపోతే దూరం తెలీదు. ఇవి కాక అసలు దేనితోనూ జత కుదరని సోర్సులు అదే నాలుగో క్యాటలాగ్‌లో 1300కి పైనే ఉన్నాయి. ఈ పనికి పెద్ద ప్రైజులు రావు, పేపర్లో హెడ్డింగులు రావు, కానీ ఎవరో ఒకరు రాత్రిళ్ళు కూర్చుని ఒక్కోటి తేలుస్తున్నారు. వాళ్ళ పని నాకు చాలా గౌరవం.

ఇక సర్వే ఫలం ఏంటో చెప్పాలంటే 2017 సెప్టెంబర్ 22 గురించి చెప్పాలి. దక్షిణ ధ్రువం దగ్గర ఒక ఘన కిలోమీటరు మంచులో ఐస్‌క్యూబ్ అనే న్యూట్రినో డిటెక్టర్ ఉంది (న్యూట్రినో అంటే దేన్నీ పెద్దగా తాకకుండా దూసుకుపోయే చార్జ్ లేని కణం), ఆ రోజు దానికి చాలా ఎక్కువ ఎనర్జీ ఉన్న ఒక న్యూట్రినో తగిలింది, నిమిషం తిరక్కుండానే అన్ని టెలిస్కోపులకీ కబురు వెళ్ళింది. ఆ దిక్కులో ఫెర్మీకి ఎప్పట్నుంచో తెలిసిన టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజార్ ఉంది, సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, రికార్డు చూస్తే అది కొన్ని నెలలుగా మామూలు కన్నా బాగా వెలుగుతోంది. గామా కిరణాల్ని ఎలక్ట్రాన్లే పుట్టిస్తాయా, లేక జెట్‌లో ప్రోటాన్లు కూడా పాల్గొంటాయా అన్నది పాత తగాదా, ప్రోటాన్లు లేకుండా న్యూట్రినోలు పుట్టవు కాబట్టి ఈ జత కుదరడం చాలా పెద్ద విషయం అయింది. తర్వాత ఐస్‌క్యూబ్ వాళ్ళు తమ పాత డేటా తవ్వితే 2014-15లో అదే దిక్కు నుంచి ఇంకో డజను పైన న్యూట్రినోలు ఎక్కువగా వచ్చినట్టు కనపడింది. సరే అప్పుడు గామాలో ఎలా ఉందో అని ఫెర్మీ రికార్డు చూస్తే ఆ నెలల్లో అది ప్రశాంతంగా ఉంది! లెక్క తప్పి ఉండొచ్చు, జెట్ లోపలే గామా కిరణాలు ఇంకిపోయి ఉండొచ్చు, ఇంకా తేలలేదు. కానీ ఒక్కటి ఆలోచించండి, 2014లో ఆ గెలాక్సీ గురించి ఎవరూ పట్టించుకోలేదు, దానివైపు చూడమని ఎవరూ అడగలేదు, అయినా మూడేళ్ళ తర్వాత ప్రశ్న పుట్టినప్పుడు జవాబు వెతకడానికి రికార్డు సిద్ధంగా ఉంది.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టమైనది. ఎక్కువ ఎనర్జీ గామా ఫోటాన్లు దూరం నుంచి వస్తూ దారిలో నక్షత్రాల పాత వెలుగుని గుద్దుకుంటే మాయమైపోతాయి, దూరం పెరిగేకొద్దీ ఎక్కువ మాయమవుతాయి. ఎంత తగ్గాయో కొలిస్తే దారిలో ఎంత వెలుగుందో తెలుస్తుంది. 2018లో ఫెర్మీ టీమ్ 739 బ్లేజార్ల మీద ఈ లెక్క చేసి, విశ్వంలో నక్షత్రాలు ఇప్పటిదాకా బయటికి వదిలిన ఫోటాన్లెన్నో అంచనా కట్టింది, 4 పక్కన 84 సున్నాలు. ఒక్క బ్లేజార్ మీద ఈ లెక్క నమ్మలేం, దాని స్వభావమే అంతేమో అనిపిస్తుంది. వందల్లో ఉంటే, వేరువేరు దూరాల్లో ఉంటే, అప్పుడు నమ్మొచ్చు. పెద్ద క్యాటలాగ్ లేకుండా ఇది అయ్యే పని కాదు.

నేల మీద కూడా టెలిస్కోపులున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, గామా ఫోటాన్ వాతావరణంలో పుట్టించే నీలి మెరుపుని పట్టుకునేవి, లద్దాఖ్‌లో హాన్లే దగ్గర 21 మీటర్ల మేస్ టెలిస్కోప్‌ని 2024లోనే ప్రారంభించారు, చాలా గర్వపడాల్సిన సంగతి. కానీ అవి చీకటి రాత్రుళ్ళలోనే పనిచేస్తాయి, ఒకసారికి కొద్ది డిగ్రీల ఆకాశమే చూస్తాయి. ఏ గెలాక్సీ ఇప్పుడు చెలరేగిందో వాటికి చెప్పేదెవరు? చాలాసార్లు ఫెర్మీయే.

ఇప్పుడు ఆ ఏడేళ్ళ ఖాళీ విషయానికొస్తా. ఎజైల్ 2024లో ఆగిపోయింది, ఫెర్మీకి 2008 నుంచి వయసు పెరుగుతూనే ఉంది. దాని స్థానంలో అదే ఎనర్జీల్లో ఆకాశమంతా ఆపకుండా చూసే పెద్ద టెలిస్కోప్‌ని నాసా గానీ యూరప్ గానీ ఇప్పటికి కడుతున్నది లేదు, ప్రపోజల్స్ ఉన్నాయి. నాసా కోసి అనే చిన్న మిషన్ని 2027లో పంపాలని చూస్తోంది, మంచిదే, కానీ అది చూసేది ఫెర్మీకన్నా బాగా తక్కువ ఎనర్జీలు, దాని పని వేరు. ఆ తక్కువ ఎనర్జీల్లో కూడా చూడాల్సింది చాలా ఉంది, 2022లో ఐస్‌క్యూబ్ న్యూట్రినోలు వస్తున్నాయని చెప్పిన ఎన్‌జీసీ 1068 అనే దగ్గరి గెలాక్సీలో గామా కిరణాలు ఉండాల్సినదానికన్నా చాలా తక్కువున్నాయి, బ్లాక్ హోల్ దగ్గరే ఇంకిపోయి తక్కువ ఎనర్జీల్లో బయటపడుతున్నాయేమో అని అనుమానం, అక్కడ చూసే మంచి పరికరం కాంప్టన్ దించేశాక మళ్ళీ రాలేదు. ఫెర్మీ ఒకరోజు ఆగిపోతే ఆ తర్వాత వచ్చే న్యూట్రినోలకి, నేల మీద కొత్తగా కడుతున్న టెలిస్కోపులకి పక్కన పెట్టి చూసుకునే రికార్డు ఉండదు. ఆ రోజుల్లో చెలరేగిన బ్లేజార్ల ఫోటాన్లు వచ్చి పోతాయి, తర్వాత ఎంత డబ్బు పెట్టినా వాటిని వెనక్కి తేలేం. ఒక మిషన్ ఆలోచన నుంచి లాంచ్ దాకా పదేళ్ళు పైనే పడుతుంది కాబట్టి ఈ మాట ఇప్పుడే మాట్లాడాలి.

మీకు నా విన్నపం రెండు. ఒకటి, ఫెర్మీ తర్వాత ఎవరు అన్న విషయం మీద ఒక పూర్తి పేజీ వ్యాసం వేయండి, మన దేశంలో హై ఎనర్జీ ఆస్ట్రానమీ చేసేవాళ్ళని అడిగి రాయించండి, ఆస్ట్రోశాట్ లాంటి టెలిస్కోప్‌ని 2015లో పంపిన దేశం ఈ ఖాళీ నింపడంలో ఏం చేయగలదో వాళ్ళనే చెప్పమనండి. రెండు, నెలకోసారి చిన్న బాక్స్ కట్టి ఆ నెల గామా ఆకాశంలో ఏ బ్లేజార్లు చెలరేగాయో ఇవ్వండి. ఇదేం కష్టం కాదు, ఫెర్మీ డేటా మొత్తం అందరికీ ఫ్రీ, ఫోటాన్ పడిన కొన్ని గంటలకే పబ్లిక్‌లోకి వస్తుంది, రోజులు, వారాల్లెక్కన మారే 1525 సోర్సుల లైట్ కర్వులు, అంటే వెలుగు ఎప్పుడెంత ఉందో చూపించే గ్రాఫులు, ఎవరైనా తెరిచి చూసుకునేలా పెట్టారు, సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. డిగ్రీ చదివే పిల్లలు ఎవరైనా కాస్త ఓపిక చేస్తే ఆ బాక్స్ వాళ్ళే తయారుచేసి మీకు పంపగలరు, పేరు వేస్తానని మీరొక మాటంటే చాలు, పంపేవాళ్ళు చాలామంది ఉంటారు. మొదటి బాక్స్‌లో 3సి 279తో మొదలుపెట్టండి, 1991లో ఈగ్రెట్ చూసిన దగ్గర్నుంచి 2015 జూన్‌లో నిమిషాల వ్యవధిలో వెలుగు మారిపోయిన ఆ పెద్ద ఫ్లేర్ (చెలరేగడం) దాకా దాని కథ రాయడానికి బోలెడుంది.

ఇట్లు,
మీ సైన్స్ పేజీ పాఠకురాలు, ఒక ఫిజిక్స్ టీచర్